పొట్టికొండ మీది పిలుపు

సుమిత్రమ్మ తన పుట్టినూరి కొండల మాట ఎత్తితే చాలు, మొగుడు గురుమూర్తి మగ్గం గుంటలో కూర్చునే నవ్వేవాడు. "ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమంట" అనేవాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కదిరి దాటి కొంత దూరం పోతే వచ్చే గుట్టకిందపల్లె ఆమెది. ఊరి వెనక మూడు కొండలు భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉంటాయి. పెద్దక్క, నడిపక్క, చిన్నక్క. మూడింటినీ కలిపి అక్కగార్లంటారు. తిరుపతి కొండ ఎక్కి వచ్చినవాడికి వీటిని కొండలని చూపిస్తే మర్యాదకైనా నవ్వు ఆపుకోలేడు. పొద్దున సద్ది తాగి మేకల్ని తోలుకుని ఎక్కితే, మధ్యాహ్నం సంకటి వేళకు మూడింటినీ చుట్టి రావచ్చు. అయినా ఆ చుట్టుపక్కల అంతకు మించిన ఎత్తు లేదు. అందులోనూ పెద్దక్క ఎత్తు అంటే ఆ ఊరివాళ్ళకు ఎంత గొప్పో చెప్పలేం.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. వానలు మొగం చాటేసిన ఏడాది ఇంటింటా బియ్యం, బెల్లం ఎత్తుకుని ఊరంతా పెద్దక్క మీదికి పోతారు. పైన చదునైన నల్లబండ ఉంటుంది. దాని పక్కన మూడు రాళ్ళ పొయ్యి పెట్టి పాయసం వండి, బండ కడిగి దాని మీద పోస్తారు. పిల్లా పెద్దా మోకాళ్ళ మీద వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఆ పాయసాన్ని నాలుకతో నాకుతారు. దాన్ని వరదపాశం అంటారు. చూడు తల్లీ, మా బతుకు ఇంతదాకా వచ్చింది అని పైవాళ్ళకు చూపించుకోవడం అన్నమాట.

అయితే పాయసం నాకడానికి ముందు ఊరి ఆడబిడ్డల్ని పిలవాలి. ఏ పిల్లను ఏ దిక్కుకు ఇచ్చారో ఆ దిక్కుకు తిరిగి, పిల్ల నాయన, ఆయన లేకపోతే అన్నో తమ్ముడో, పేరు పెట్టి గొంతెత్తి పిలుస్తాడు. మనిషిని పంపరు, కబురు పెట్టరు. అదే పిలుపు. కొండ కనబడేంత దూరంలోనే పిల్లల్ని ఇచ్చుకునే కాలంలో పుట్టిన ఆచారం కాబట్టి అప్పట్లో సరిపోయింది. వచ్చిన ఆడబిడ్డ "వచ్చినా" అని పలుకుతుంది. పలికిన ఆడబిడ్డ బండ దగ్గరికి చేరేదాకా ఎవరూ నాలుక ఆనించకూడదు. రాని ఆడబిడ్డ వంతును పక్షులకు వదిలేస్తారు. ఆడబిడ్డ మనసు కష్టపెట్టుకుంటే అక్కగార్లూ కష్టపెట్టుకుంటారని, అప్పుడు చుక్క వాన రాలదని పెద్దల మాట.

సుమిత్రమ్మ తల్లి కొడుకును కని కన్నుమూసింది. సుమిత్రమ్మకు అప్పుడు పాలపళ్ళు ఊడే వయసు. తమ్ముడు ఓబుళేసు ఆమె చంకలోనే పెరిగాడు. మేకల వెంట కొండెక్కితే సగం దారిలో "ఎత్తుకో అక్కా" అని కూలబడేవాడు. నడక బాగా వచ్చిన తర్వాత కూడా ఆ వేషం మానలేదు, ఆమె ఎత్తుకోవడమూ మానలేదు. ఆమె పెళ్ళయి ధర్మవరం రైలెక్కిన రోజు కదిరి స్టేషన్లో వాణ్ణి ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చింది.

గురుమూర్తి పట్టుచీరలు నేసేవాడు. మాట మీద నవ్వుతాడు గానీ పని మీద నవ్వడు. ఇల్లు గడిచేది, పిల్లలు పుట్టారు, పెరిగారు. ఒక ఏడాది, డెబ్బైమూడో డెబ్బైనాలుగో, ఆయన రంగుల అంగడి నుంచి ఒక కాలెండరు తెచ్చి మగ్గం ఎదురుగా గోడకు కొట్టాడు. ఏదో రంగుపొడి కంపెనీవాళ్ళది. దాని మీద బొమ్మ చూసి సుమిత్రమ్మ చేతిలో పోగు నడిపే నాడె పక్కన పెట్టి లేచి వచ్చింది. మూడు కొండలు, గుండ్రటి తలలు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టున్నాయి. ఒకటి ఎత్తు, నడిమిది ఆ పక్కన కాస్త తక్కువ, మూడోది ఇంకా తక్కువ. ఒళ్ళంతా పచ్చదనం.

"మా అక్కగార్లే" అంది. "మంచి వాన పడిన ఏడు తీసినట్టుండారు."

గురుమూర్తి నవ్వాడు. మరుసటి రోజు అంగడికి పోయి కాస్త చదువుకున్న ఆ అంగడి వెంకటరాముణ్ణి అడిగి వచ్చాడు. "అది జర్మనీ దేశమంట మే. ఆ దేశంలో మంచు పడే పెద్ద కొండలు వేరే ఉండాయంట. ఇవి పొట్టివంట. ఈ పొట్టి వరసలో ఈ మూడే ఎత్తైనవంట."

"పొట్టివైతే పటం ఎందుకు కట్టించినారు?"

"ఆ ఊరోళ్ళకు అవే పెద్దవి గదా."

"అయితే మా మాదిరోళ్ళే" అంది. ఆ తర్వాత ఆ దేశం ఎక్కడుందో, అక్కడి జనం ఏం తింటారో తెలియకపోయినా వాళ్ళంటే ఆమెకు ఒక రకమైన చుట్టరికం ఏర్పడింది. ఏడాది తిరిగి తేదీల కాగితాలు పొయ్యిలోకి పోయాయి, బొమ్మ మాత్రం గోడ దిగలేదు.

కాలెండరు తెచ్చిన ఏడే ఓబుళేసుకు పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు శాంతమ్మ. ముహూర్తం చీర పెట్టాల్సింది అక్క. మొగుడూ పెళ్ళాలిద్దరూ మగ్గం మీద కూర్చున్నారు. అంచునూ ఒంటినీ వేరే రంగుల్లో నేసి కలిపే కుట్టు అంచు ఒక మనిషి చేతిలో అయ్యే పని కాదు. మగ్గానికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉండాలి. చీర ఒంటికి ఒక నాడె, రెండు అంచులకూ రెండు నాడెలు. అంచు రంగు ఒంట్లోకి ఎంత దూరం చొరబడి వెనక్కి తిరగాలో ప్రతి పోగుకూ చేత్తోనే తేల్చుకోవాలి. అట్లా పోతూ వస్తూ ఉంటే అంచు పొడుగునా గోపురాల మాదిరి మొనలు లేస్తాయి. కుడి అంచు గురుమూర్తిది, ఎడమ అంచు సుమిత్రమ్మది.

"గోపురాలు వద్దు" అంది సుమిత్రమ్మ. "పచ్చంచు వేసి అక్కగార్లను లేపుదాం. పెద్దక్క, నడిపక్క, చిన్నక్క. మళ్ళా పెద్దక్క, నడిపక్క, చిన్నక్క."

"ముహూర్తం చీరకు గోపురం ఉండాల మే. లోకం ఒప్పుకోదు."

"లోకానికి కాదు. మా ఓబుళేసుకు. వాడు చూస్తానే గుర్తుపడతాడు."

గురుమూర్తి తన నాడెలో పచ్చ పోగు ఎక్కించుకున్నాడు. పసుపు ఒంటి మీద పచ్చటి పొట్టికొండలు రెండు వైపులా లేచాయి. కాలెండరు చూసుకుంటూ, కళ్ళు మూసుకుని ఊరు తలుచుకుంటూ సుమిత్రమ్మ నేసింది. ఆమె ఎడమ అంచులో ఎంత లేపితే కుడి అంచులో ఆయన అంత లేపాడు. అంత ఇష్టంగా ఆమె అంతకు ముందు ఏ చీరా నేయలేదు, ఆ తర్వాతా నేయలేదు.

పెళ్ళి పందిట్లో పళ్ళెంలోని చీరను ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు విప్పి చూశారు. ఒకావిడ అంచు మీద వేలు పెట్టింది. "ఇదేమి గోపురాలమ్మా, మొనలు ఇరిగిపోయినట్టుండాయి. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. నేసేటప్పుడు కునుకు పట్టిందేమో." పక్కవాళ్ళు నవ్వారు. మొనలు విరిగిన గోపురం ముహూర్తానికి మంచిది కాదని ఇంకో పెద్దావిడ తేల్చేసింది.

సుమిత్రమ్మ వాళ్ళను దాటి తమ్ముడి వైపు చూసింది. బాసికం కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. ఆ కొండల మీద ఆమె చంకలో పెరిగినవాడు. "ఇవి మా అక్కగార్లు" అని ఒక్క మాట అంటే చాలు, అంత మంది నోళ్ళూ మూతపడతాయి. ఓబుళేసు అంచును చూశాడు, తల వంచుకున్నాడు. ఎవరో అంగడిలో కొన్న చీర తెచ్చి పళ్ళెంలో పెట్టారు. పెళ్ళికూతురు అదే కట్టుకుంది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. సుమిత్రమ్మకు జారింది చెయ్యి. లేచి పోయి, పక్కన పడేసిన తన చీర మడత పెట్టుకుని సంచిలో వేసుకుంది. పెట్టిన చీరను పెట్టిన చేత్తోనే వెనక్కి తీసుకున్న ఆడబిడ్డను ఆ పందిట్లో ఎవరూ అంతకు ముందు చూసి ఉండరు. తలంబ్రాలు పడకముందే ఆమె రైలెక్కింది. గురుమూర్తి దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూశాడే గానీ ఒక్క ఎకసక్కెమూ ఆడలేదు.

ఆ తర్వాత ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు లేవు. తప్పు ఎవరిదని నన్నడిగితే ఇద్దరి చెవులూ మెలిపెట్టమంటాను. తమ్ముడు వస్తాడని ఆమె చూసింది. చీర వెనక్కి తీసుకున్న అక్క మొగం ఎట్లా చూడాలని అతను అక్కడే ఉండిపోయాడు. చూస్తూ చూస్తూ పదేళ్ళు దాటిపోయాయి. చీర పెట్టె అడుగున, కాలెండరు గోడ మీద అట్లాగే ఉన్నాయి.

అనంతపురం జిల్లాలో కరువు చుట్టం కాదు, ఇంటి మనిషే. వానలు ఎగ్గొట్టిన ఏడల్లా గుట్టకిందపల్లెలో వరదపాశం పోస్తూనే ఉంటారని సుమిత్రమ్మకు తెలుసు. కొండ మీద అందరి పేర్లూ పిలిచి తన పేరు మాత్రం దాటేస్తున్నారని ఆమె నమ్మకం. దానికి ఏడ్చేది. ఆ ఏడుపు చూసుకుని మళ్ళీ భయపడేది. తన కడుపులో ఉన్న ఈ కష్టమే ఊరికి తగులుతోందా, తన వల్లనే చెరువులు ఎండుతున్నాయా అని. ఈ మాట మొగుడితో కూడా అనలేదు. అంటే నవ్వుతాడని కాదు, ఈసారి నవ్వడేమోనని.

ఎనభై అయిదులోనో ఆరులోనో కరువు మరీ ముదిరింది. వేసిన వేరుశనగ విత్తనం మన్నులోనే మాడిపోయింది. ఆ ఆషాఢంలో గుట్టకిందపల్లె సుంకప్ప మేకల్ని అమ్ముకోవడానికి ధర్మవరం వచ్చి, దారిలో కదా అని సుమిత్రమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. చెంబెడు నీళ్ళు తాగి, "సోమవారం పాశం పోస్తాండారు పాపా" అన్నాడు. పిలుపు సంగతి ఆయన ఎత్తలేదు. అడగాల్సిన మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది గానీ, నీ పేరు పిలవడం లేదంటాడేమోనని అడగలేదు.

ఆయన వెళ్ళిపోయాక ఆమె మగ్గం దగ్గరికి వచ్చి కూర్చుంది గానీ ఎడమ నాడె కదలలేదు. గురుమూర్తి తన నాడె కూడా కింద పెట్టాడు.

"పోయి రా మే."

"పిలవని పేరంటానికి ఎట్ల పోవాలయ్యా?"

"పేరంటానికి పిలుపు కావాల. వానకు పిలుపేంది? నువ్వు లేకుంటే ఈ మగ్గం ఎట్లాగూ నడవదు. నేనూ కాళ్ళు సాపుకుని పండుకుంటా." పెట్టె దిక్కు చూపించి, "ఆ చీర గూడా ఎత్తుకపో" అన్నాడు.

సోమవారం పొద్దున ఆమె కదిరిలో రైలు దిగి, బస్సు పట్టుకుని, చివరి దూరం నడిచింది. ఊరి మొదట్లోకి వచ్చేసరికి పెద్దక్క దారిలో పలక డప్పులు మోగుతున్నాయి. బిందెలు, బుట్టలు నెత్తిన పెట్టుకుని జనం బారులుగా ఎక్కుతున్నారు. అంతవరకూ తెచ్చుకున్న ధైర్యం అక్కడ అయిపోయింది. వాళ్ళతో కలిసి ఎక్కితే, అందరి పేర్లూ పిలిచి తన పేరు దాటేస్తే, ఆ మొగం ఎక్కడ పెట్టుకోవాలి? కొంగు నెత్తి మీదికి లాక్కుని వెనక దారిన నడిపక్క ఎక్కడం మొదలుపెట్టింది. దూరం నుంచి చూసి పోదామని. గుంటలో కూర్చుని కూర్చుని అరిగిన మోకాళ్ళు ప్రతి అడుగుకూ మొరాయించాయి. చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని పరుగెత్తిన దారి అది.

నడిపక్క నెత్తి పెద్దక్క కంటే రెండు తాటిచెట్లంత తక్కువ. మధ్యలో చిన్న పల్లం. అక్కడి మాట ఇక్కడికి వినబడుతుంది. సుమిత్రమ్మ ఒక రాతిగుండు చాటున కూర్చుంది. పాయసం వాసన గాలిలో వచ్చింది. పిలుపులు మొదలయ్యాయి. ఒకాయన తూర్పుకు తిరిగి కూతుర్ని పిలిచాడు, జనంలోంచి "వచ్చినా" అని పలుకు వచ్చింది. ఇంకొకాయన దక్షిణానికి తిరిగి చెల్లెల్ని పిలిచాడు. ఒక్కొక్క పేరూ వింటుంటే ఆమెకు ఆ పిల్లలంతా కళ్ళ ముందు ఆడారు.

అప్పుడు తలపాగా చుట్టుకున్న మనిషి ఒకడు బండ అంచుకు వచ్చి నిలబడ్డాడు. మనిషి బరువెక్కాడు గానీ ఆ నిలబడే తీరు ఎక్కడ పోతుంది? ఓబుళేసు. అతను ధర్మవరం దిక్కుకు తిరిగాడు. నడిపక్క అతని వీపు వెనక ఉండిపోయింది.

"సుమిత్రక్కా..."

ఆమె చేతులు గుండును పట్టుకున్నాయి. అతను చెవి ఒగ్గి కాసేపు నిలబడ్డాడు. మళ్ళీ పిలిచాడు. జనంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆడవాళ్ళు కొంగులు బిగించుకుంటున్నారు, ఒకామె పిల్లాడి ముక్కు తుడుస్తోంది. ఒక పెద్దాయన విసుగ్గా అన్నాడు. "ఇంక చాల్లే ఓబుళేసూ. పిలిచినప్పుడల్లా ఉండేదే గదా. ఆయమ్మ రాదు. పాశం సల్లారిపోతాంది."

పిలిచినప్పుడల్లా ఉండేదే. ఆ మాట సుమిత్రమ్మ చెవిలో పడి కడుపులోకి దిగేసరికి కాస్త సమయం పట్టింది. పాశం పోసిన ప్రతి ఏడూ ఈ కొండ మీద నిలబడి తన పేరు పిలిచాడన్నమాట. తను పలకలేదని ప్రతి ఏడూ దిగిపోయాడన్నమాట. అక్కడ ధర్మవరంలో తనేమో తమ్ముడు పిలవలేదని ఏడుస్తూ కూర్చుంది.

ఓబుళేసు పెద్దాయన మాట వినిపించుకోలేదు. మూడోసారి పిలిచాడు.

సుమిత్రమ్మ లేచి నిలబడింది. కొంగు నెత్తి మీది నుంచి తీసేసింది.

"వచ్చినా."

పెద్ద కొండలైతే ఆ గొంతు ఏ లోయలోనో పడిపోయేది. పొట్టివి కాబట్టి సరిపోయింది. బండ మీదున్న జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఓబుళేసు మాత్రం కాసేపు ధర్మవరం వైపే చూస్తూ ఉండిపోయాడు, పలుకు అటునుంచే రావాలన్నట్టు. తర్వాత తిరిగి చూసి, తలపాగా ఊడిపోతున్నా పట్టించుకోకుండా పల్లంలోకి దిగి పరుగెత్తాడు.

పలికిన ఆడబిడ్డ చేరేదాకా నాలుక ఆనించకూడదు కదా. పెద్దాయన నిట్టూర్చి బండ పక్కన చతికిలబడ్డాడు. "ఆయమ్మ నడిపక్క దిగి పెద్దక్క ఎక్కేదాకా మనం నాలుకలు ఆరబెట్టుకోవాల్సిందే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆ పందిట్లో నవ్విన నవ్వు లాంటిది కాదు.

పల్లంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఓబుళేసు రొప్పుతున్నాడు. జుట్టు అక్కడక్కడా నెరిసింది.

"ఇన్నేండ్లు పిలిస్తి గదక్కా. ఒక్క తూరి గూడా పలకలేదే."

"యాడ వినపడతాదిరా" అంది సుమిత్రమ్మ. "మన కొండ పొట్టిది."

అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తలపాగా గుడ్డతో మొగం తుడుచుకున్నాడు. ఆమె సంచి విప్పి పచ్చంచు కొస బయటికి తీసింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

"ఆ పొద్దే తెలుసక్కా" అన్నాడు నేల చూస్తూ. "చూస్తానే తెలిసింది. పెద్దక్క, నడిపక్క, చిన్నక్క. అందరూ నవ్వుతాంటే నోరు రాలేదు. నువ్వు లేచి పోతాంటే గూడా రాలేదు. ఇంటికొచ్చి చెప్పాలంటే కాళ్ళు రాలేదు. కొండెక్కితేనే నోరు వస్తాండె."

తెలియక ఊరుకున్నవాడి కంటే తెలిసి ఊరుకున్నవాడి మీదే ఎక్కువ కోపం రావాలి న్యాయంగా. సుమిత్రమ్మకు రాలేదు. తమ్ముడు తన కొండల్ని గుర్తుపట్టాడు. "చెయ్యి నాదీ జారిందిలేరా" అంది.

ఎదర ఎక్కుడు గోడలా నిట్రంగా ఉంది. ఆమె మోకాలు పట్టుకుని ఆగిపోయింది. ఓబుళేసు ముందు వంగి వీపు చూపించాడు.

"ఎత్తుకుంటా రా అక్కా."

"చాల్లే, పడేస్తావు" అంది గానీ, అతని భుజం మీద బరువంతా వేసి ఎక్కింది.

బండ దగ్గర శాంతమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. సుమిత్రమ్మ చీర ఆమె చేతుల్లో పెట్టింది. శాంతమ్మ అంచు విప్పి చూసింది, తలెత్తి చిన్నక్క వైపు, నడిపక్క వైపు చూసింది, మళ్ళీ అంచు చూసింది. "ఇవి మన అక్కగార్లు గదా వదినా" అంది. "ఆ పొద్దు నాకెవరూ చెప్పలేదే." చీర భుజాన వేసుకుని, వదిన పక్కనే మోకాళ్ళ మీద వంగింది. ఓబుళేసు ఇన్నేళ్ళూ పక్షులకు వదిలిన వంతును చూపించాడు. సుమిత్రమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని ఆ పాయసాన్ని నాకింది. బెల్లం తీపిలో ఇసుక తగిలింది, కన్నీళ్ళ ఉప్పు కూడా తగిలే ఉంటుంది.

వాన పడిందా అని అడుగుతారు మీరు. మబ్బు పట్టింది, గాలికి పోయింది. ఆ ఏడు కరువు కరువుగానే గడిచింది. కానీ అది తన వల్లనేనని సుమిత్రమ్మ ఇంకెప్పుడూ అనుకోలేదు.

తర్వాత రెండు మూడేళ్ళకే ఆమె మోకాళ్ళు పూర్తిగా మొండికేశాయి. కొండెక్కడం కుదరలేదు. ఓబుళేసు ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు, పాశం రోజు ఎప్పుడో ముందే చెప్పి పోయేవాడు. ఆ పొద్దు సుమిత్రమ్మ మగ్గం ఆపించి, గోడ పట్టుకుని మెల్లగా మిద్దె ఎక్కేది. కదిరి దిక్కుకు తిరిగి నిలబడేది. ఎండ నడినెత్తికి వచ్చే వేళ చూసుకుని, పక్కింటివాళ్ళు నవ్వుకున్నా సరే, "వచ్చినా" అని గట్టిగా పలికేది.

"ఏం మే, వినపడిందా?" అని కింది నుంచి గురుమూర్తి అడిగేవాడు.

"వినపడకుంటే ఏమిలే" అనేది. "పిలిచి ఉంటాడు."

ఆమె ఒక్కొక్క మెట్టే దిగి వచ్చి ఎడమ అంచు దగ్గర కూర్చునేదాకా గురుమూర్తి నాడె ముట్టేవాడు కాదు.